అమ్మకి పాజిటివ్, అక్కకి నెగటివ్: ఏ రిపోర్టు చూసి కంగారు పడాలి?

మీరు అడిగింది ఇదీ. అమ్మగారికి 61 ఏళ్ళు, పుట్టిల్లు కనిగిరి దగ్గర, పెళ్ళయ్యాక కావలి పక్క పల్లెకి వచ్చారు. మోకాళ్ళ నొప్పులు. హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఆర్ఏ ఫ్యాక్టర్, అంటే రుమటాయిడ్ అనే కీళ్ళవాతం కోసం చేసే రక్తపరీక్ష, 34 వచ్చింది, 20 లోపు ఉండాలట. అక్కకి 36. మూడు నెలలుగా రెండు చేతుల వేళ్ళూ మణికట్లూ వాస్తున్నాయి, పొద్దున లేచాక గంటన్నర దాకా పిడికిలి బిగియదు. ఆమెకి ఆర్ఏ ఫ్యాక్టర్ నెగటివ్, యూరిక్ యాసిడ్ 5.1, ఏఎస్ఓ మాత్రం ఎక్కువ. అమ్మకి కీళ్ళవాతం మందులు మొదలుపెట్టాలా, అక్కకి ఏమీ లేనట్టేనా, ఇద్దరూ చేపలు మానెయ్యాలా అని మీ ప్రశ్న.

ముందే చెప్పేస్తాను, మీ కంగారు తలకిందులుగా ఉంది. అమ్మగారి సంగతి నిదానంగా చూసుకోవచ్చు. అక్కని మాత్రం ఈ వారంలోనే రుమటాలజిస్టుకి, అంటే కీళ్ళవాతం డాక్టరుకి, చూపించండి.

నేను పాథాలజిస్టుని. నెల్లూరు పొగతోటలో ఏ సందులో దూరినా నాలుగు ల్యాబులు కనిపిస్తాయి కదా, అలాంటి ఒక సందులో ముప్పై ఏళ్ళ పైన సీరమ్ గొట్టాలతోనే గడిచింది. మందు రాయడం నా పని కాదు, ఇక్కడ రాయను కూడా. కానీ రిపోర్టులో ఆ అంకె ఎలా పుడుతుందో దగ్గరుండి చూసినవాణ్ణి.

మా రోజుల్లో ఆర్ఏ ఫ్యాక్టర్ అంటే ఒక నల్లటి స్లైడు. దాని మీద గుండ్రటి గళ్ళు. గడిలో ఒక చుక్క సీరమ్, పక్కన ఒక చుక్క లేటెక్స్ ద్రవం, చూడ్డానికి పల్చటి పాలలా ఉంటుంది. పుల్లతో కలిపి, స్లైడుని రెండు నిమిషాలు అటూ ఇటూ వంచుతూ లైటు కింద చూడాలి. పాలు పాలలాగే ఉంటే నెగటివ్, విరిగిన పాలలా పలుకులు కడితే పాజిటివ్. అంతే పరీక్ష. రెండు నిమిషాలు దాటితే చుక్క అంచుల్లో ఎండిపోయి, లేని పలుకులు కూడా ఉన్నట్టు కనిపిస్తాయి. ఒక మే నెలలో నాకే అలా జరిగింది. స్లైడు చేతిలో ఉండగా కరెంటు పోయింది. జనరేటర్ వేసి వచ్చేసరికి అయిదు నిమిషాలు. మళ్ళీ చేయడానికి బద్ధకించి 'వీక్ పాజిటివ్' అని రాసి పంపేశాను. ఆ పెద్దావిడ ఏడాది పాటు ఆ కాగితాన్ని పట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరిగిందని తరవాత తెలిసింది. మళ్ళీ చేస్తే నెగటివ్. ఇప్పటికీ ఆ స్లైడు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

ఇప్పుడు మెషిన్లు వచ్చాయి, అంకెలు ఇస్తున్నాయి. ఒక ల్యాబులో హద్దు 14, ఇంకోచోట 15, మరోచోట 20. కాబట్టి మీ అమ్మగారి 34ని ఎదురింటివాళ్ళ 34తో పోల్చకండి. అదే కాగితం మీద ఉన్న హద్దుకి ఎన్ని రెట్లు ఉందో చూడండి. హద్దు దాటి మూడు రెట్ల లోపు ఉంటే తక్కువ పాజిటివ్, మూడు రెట్లు మించితే ఎక్కువ పాజిటివ్ అని లెక్క. అమ్మగారిది 60 దాటలేదు కనుక తక్కువ పాజిటివే.

అసలు ఈ ఫ్యాక్టర్ ఏమిటి? మన ఒంట్లో యాంటీబాడీలు సూక్ష్మక్రిముల మీద పని చేస్తాయి. అలాంటి యాంటీబాడీ తోక భాగం మీదే తయారయ్యే మరో యాంటీబాడీ ఇది. పోలీసు మీద పోలీసు అనుకోండి. నార్వేలో వాలర్ అనే ఆయన 1940లో గొర్రె రక్తకణాలతో పరీక్ష చేస్తూ దీన్ని గమనించాడు (నెల్లూరు గొర్రె కాదులెండి). 1948లో అమెరికాలో రోజ్ బృందం మళ్ళీ కనిపెట్టింది. లేటెక్స్ పద్ధతి 1956లో వచ్చింది. రుమటాయిడ్ రోగుల్లో కనిపించింది కనుక ఆ పేరు పెట్టారు, ఆ పేరే కొంప ముంచింది. ఒంట్లో ఏ గొడవైనా ఎక్కువకాలం నడిస్తే ఈ ఫ్యాక్టర్ పుట్టొచ్చు. హెపటైటిస్ సి, క్షయ, కుష్ఠు, గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్, కళ్ళూ నోరూ ఎండిపోయే షోగ్రెన్ జబ్బు, వీటన్నిటిలోనూ వస్తుంది. ఏ జబ్బూ లేని వాళ్ళలో వందకి అయిదుగురి దాకా ఉంటుంది. వయసు మీదపడే కొద్దీ ఇంకా పెరుగుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. మన దేశంలో పెద్దవాళ్ళలో రుమటాయిడ్ ఉన్నవాళ్ళు వెయ్యికి ఏడెనిమిది మంది అనుకోండి. వాళ్ళలో నూటికి 70 మందికి ఫ్యాక్టర్ ఉంటుంది, అంటే అయిదుగురు. మిగతా 992 మందిలో నూటికి అయిదుగురు చొప్పున దాదాపు 50 మందికి జబ్బు లేకుండానే పాజిటివ్ వస్తుంది. ఊళ్ళో వెయ్యిమందికీ చెకప్ ప్యాకేజీ చేస్తే 55 పాజిటివ్ కాగితాలు, అందులో అసలు జబ్బు అయిదుగురికి! తక్కిన యాభై ఇళ్ళలో టెన్షన్. అందుకే కీలు వాచని మనిషికి ఈ పరీక్ష చేయించడం నాకు నచ్చదు. ప్యాకేజీలు అమ్ముకునే వాళ్ళకి నా మాట నచ్చదనుకోండి.

అమ్మగారి దగ్గరికి వద్దాం. మీరు రాసినదాని ప్రకారం మెట్లెక్కితే, పీట మీంచి లేస్తే నొప్పి. పొద్దున బిగుతు అయిదు పది నిమిషాల్లో పోతుంది. చేతులు బాగానే ఉన్నాయి, ఒంట్లో వాపుని పట్టిచ్చే సీఆర్పీ మామూలుగానే ఉంది. ఇది వయసుతో వచ్చే మోకాలి అరుగుదల కథ. ఫ్యాక్టర్ పక్కవాయిద్యం. దీనికి రుమటాయిడ్‌కి వాడే మెథోట్రెక్సేట్ లాంటి మందు మొదలుపెట్టడం అనవసరం, ప్రమాదం కూడా. ఎవరైనా రాసి ఉంటే ఏ కీలు వాచిందని రాశారో అడగండి. హెపటైటిస్ సి పరీక్ష ఎప్పుడూ చేయించి ఉండకపోతే ఒకసారి చేయించండి. ఆర్ఏ ఫ్యాక్టర్ మాత్రం మళ్ళీ చేయించొద్దు.

అయితే మీరు యథాలాపంగా రాసిన ఒక మాట దగ్గర నేను ఆగాను: పుట్టిల్లు కనిగిరి దగ్గర. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతం అనగానే మా తరం వాళ్ళకి ఫ్లోరైడ్ నీళ్ళే గుర్తొస్తాయి. నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతినడం మన దేశంలో మొట్టమొదట 1937లో షార్ట్, ఆయన సహచరులు నమోదు చేసింది ఈ చుట్టుపక్కలే. అప్పటికి ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా. ఒంగోలు జిల్లా 1970లో గానీ ఏర్పడలేదు. చిన్నప్పటినుంచీ ఆ బోరు నీళ్ళు తాగిన వాళ్ళకి నడుం, మెడ బిగుసుకుపోవడం, మోకాళ్ళు, మోచేతులు పూర్తిగా చాపలేకపోవడం ఉంటాయి. ఇందులో యాంటీబాడీల పాత్రేమీ లేదు. కానీ అరవై దాటిన మనిషికి ఆర్ఏ ఫ్యాక్టర్ కాకతాళీయంగా పాజిటివ్ వస్తే ఫ్లోరోసిస్ మనిషికి రుమటాయిడ్ ముద్ర పడిపోతుంది. ఇలాంటి ఫైళ్ళు పశ్చిమ ప్రకాశం నుంచి నా బల్ల మీదికి చాలానే వచ్చాయి. అమ్మగారి పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉన్నాయా? వంగి నేలని ముట్టగలరా, గడ్డాన్ని ఛాతీకి ఆనించగలరా? చారలు ఉన్నా, అలా వంగలేకపోయినా ముంజేతికీ కటి భాగానికీ ఎక్స్‌రే తీయించండి. ముంజేతి రెండు ఎముకల మధ్య పొరలో సున్నం పేరుకుని కనిపిస్తే అది ఫ్లోరైడ్ సంతకం. మూత్రంలో ఫ్లోరైడ్ కూడా చూడొచ్చు. ఇప్పుడు తాగుతున్న నీళ్ళలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఇక అక్క. ఈ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆమె.

దాదాపు ఇరవై ఏళ్ళ కిందట, రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసే ఒకామె మా ల్యాబుకి వచ్చేది. ముప్పై దాటి ఉంటాయి. "పొద్దన్నే చెంబు పట్టుకోలేకుండా ఉండా సార్, జారిపోతా ఉండాది" అనేది. ఆర్ఏ ఫ్యాక్టర్ మూడుసార్లు చేశాను, మూడుసార్లూ నెగటివ్. రోజంతా ఐసు నీళ్ళలో చేతులు నానుతాయి కదా, దానివల్లే అని ఆమె, డాక్టరు, నేను అందరం ఒప్పేసుకున్నాం. ఆ ఒక్క మాటతో రెండేళ్ళు పోయాయి. తరవాత ఎవరో యాంటీ సీసీపీ అనే ఇంకో రక్తపరీక్ష చేయించమన్నారు. హద్దుకి పదిరెట్లు వచ్చింది. అప్పటికే వేళ్ళు చిటికెన వేలి వైపుకి ఒరిగిపోయి ఉన్నాయి. రిపోర్టు అందుకోవడానికి చెయ్యి చాపినప్పుడు చూశాను. ముందే ఆ చెయ్యిని సరిగ్గా చూసి ఉండాల్సింది.

ఈ యాంటీ సీసీపీ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, వినడానికి బాగుంటుంది కూడా. వేసవిలో హైవే పక్కన కుప్పలు పోసి అమ్మే పుచ్చకాయలు ఉన్నాయే, వాటి శాస్త్రీయ నామం సిట్రులస్. జపాన్ వాళ్ళు 1914లో ఆ పుచ్చకాయ రసంలోంచి ఒక అమైనో ఆమ్లాన్ని వేరుచేశారు. కాయ పేరే దానికొచ్చింది, సిట్రులిన్. మన ప్రొటీన్లు కట్టుకునేటప్పుడు సిట్రులిన్ వాడవు. కానీ వాపు ఉన్నచోట ఒక ఎంజైమ్ ప్రొటీన్‌లో ఉన్న ఆర్జినిన్‌ని సిట్రులిన్‌గా మార్చేస్తుంది. మనదైన ప్రొటీనే, వేషం మారింది. కొందరి రోగనిరోధక వ్యవస్థ ఆ వేషం చూసి పరాయిదనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. 1998లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ సిట్రులిన్ గుట్టు పట్టుకున్నారు. ఆ ప్రొటీన్ ముక్కని ఉంగరంలా చుట్టి పరీక్షలో వాడితే యాంటీబాడీ బాగా అంటుకుంటుంది. సైక్లిక్ సిట్రులినేటెడ్ పెప్టైడ్, సీసీపీ అన్న పేరు అలా వచ్చింది. (పుచ్చకాయ తింటే ఇది పెరుగుతుందా అని ఒకాయన సీరియస్‌గా అడిగాడు. పెరగదు, హాయిగా తినండి.)

వేషం మార్చే ఈ పని ఊపిరితిత్తుల్లో సిగరెట్ పొగ వల్ల ఎక్కువవుతుంది. చిగుళ్ళ జబ్బు కలిగించే ఒక బాక్టీరియాకి ఇలాంటి సొంత ఎంజైమే ఉంది. వంశంలో కొన్ని హెచ్ఎల్ఏ జన్యువులు (రోగనిరోధక వ్యవస్థకి సంబంధించినవి) ఉన్నవాళ్ళలో ఇవన్నీ తోడై అగ్గి రాజుకుంటుంది. పొగాకు పండే జిల్లాలో చెప్తే చేదుగా ఉంటుంది గానీ, యాంటీ సీసీపీ ఉన్న ఇంట్లో చుట్టా బీడీ సిగరెట్ ఉండకూడదు.

జబ్బు ఉన్నవాళ్ళలో ఈ పరీక్ష నూటికి 67 మందిని పట్టుకుంటుంది, అంటే ఆర్ఏ ఫ్యాక్టర్ కంటే ఎక్కువేం కాదు. తేడా ఇంకోవైపు ఉంది. వేరే జబ్బులవాళ్ళనీ కలుపుకుని, రుమటాయిడ్ లేనివాళ్ళని నెగటివ్ అని సరిగ్గా చెప్పడం ఆర్ఏ ఫ్యాక్టర్‌లో నూటికి 85, ఇందులో 95. పైగా కీళ్ళు వాయడానికి కొన్నేళ్ళ ముందే రక్తంలో కనిపించొచ్చు. ఎక్కువ అంకె ఉంటే ఎముక కొరుక్కుపోయే ప్రమాదం ఎక్కువని కూడా అర్థం. మన దగ్గర ఒక మెలిక ఉంది. క్షయ జబ్బు ఉన్నవాళ్ళలో ఇది కూడా కొందరికి పాజిటివ్ వస్తుంది. నెలల తరబడి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ముందు ఛాతీ ఎక్స్‌రే.

అక్కకి ఈ పరీక్ష చేయించండి. పరగడుపున వెళ్ళక్కర్లేదు. జుట్టు రాలకుండా బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే రెండు మూడు రోజులు ఆపి వెళ్ళమనండి, కొన్ని మెషిన్లలో అవి అంకెని తారుమారు చేస్తాయి. రిపోర్టు నెగటివ్ వచ్చినా రుమటాలజిస్టు అపాయింట్‌మెంట్ రద్దు చేయొద్దు. ఎందుకో చెప్తాను.

2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి ఒక మార్కుల పద్ధతి పెట్టాయి. పదికి ఆరు వస్తే రుమటాయిడ్ కింద లెక్క. కీళ్ళకి అయిదు మార్కుల దాకా, యాంటీబాడీలకి మూడు దాకా, సీఆర్పీ గానీ, అలాంటి వాపు పరీక్షే అయిన ఈఎస్ఆర్ గానీ పెరిగితే ఒకటి, ఆరు వారాలు దాటితే ఒకటి. అక్క చేతుల్లో వేలి కణుపులు, మణికట్లు కలిపి పదికి మించి వాపో నొప్పో ఉంటే అక్కడే అయిదు. మూడు నెలలైంది కనుక ఒకటి. సీఆర్పీ పెరిగి ఉంటే ఇంకొకటి. యాంటీబాడీ ఒక్కటీ లేకుండా ఏడు! అదే అమ్మగారికి లెక్కేస్తే రెండు మోకాళ్ళకి ఒకటి, తక్కువ పాజిటివ్ ఫ్యాక్టర్‌కి రెండు, కాలానికి ఒకటి, మొత్తం నాలుగు. నిజానికి ఆ నాలుగూ ఇవ్వకూడదు. కనీసం ఒక్క కీలైనా నిజంగా వాచి ఉండి, దానికి ఇంకో కారణం లేనప్పుడే ఈ మార్కులు వేయాలి. ఇంకో సంగతి, అక్కకి వాచిన కణుపులు నాలుగు నుంచి పది దాకానే ఉంటే మూడు మార్కులే. అప్పుడు మొత్తం అయిదు. సరిగ్గా అలాంటి చోటే సీసీపీ తీర్పు చెప్తుంది. పరీక్ష విలువ అక్కడ.

ఇంట్లో మీరే ఒకటి చూడొచ్చు. షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు అక్క చేతిని పట్టుకుని, వేళ్ళు మొదలయ్యే కణుపుల వరసని అడ్డంగా మెల్లిగా నొక్కండి. అబ్బా అని చెయ్యి లాక్కుంటే అది మామూలు నొప్పి కాదు. ఉంగరం ఎప్పటినుంచి రావడం లేదో, గాజులు మార్చుకోవడం ఎప్పుడు మానేసిందో అడగండి, జబ్బు మొదలైన తేదీ దొరుకుతుంది. గోళ్ళ పక్క కణుపులే వాచి ఉంటే మాత్రం రుమటాయిడ్ వైపు కాదు. అరుగుదలో సోరియాసిస్సో అయి ఉండొచ్చు. తలలో పొట్టు, గోళ్ళ మీద గుంటలు చూడండి.

ఏఎస్ఓ మీద నాకు పాత కోపం ఉంది. ఎప్పుడో గొంతులో స్ట్రెప్టోకాకస్ క్రిమి దూరి వెళ్ళిందని చెప్పే పరీక్ష అది. రుమాటిక్ జ్వరం అనుమానం ఉన్న పిల్లల్లో పనికొస్తుంది. అయిదు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకి, ఈ పెద్ద కీలు తగ్గి ఆ కీలు పట్టుకుంటూ తిరిగే నొప్పి అది. రుమాటిక్ వేరు, రుమటాయిడ్ వేరు. పేర్లు కవలల్లా ఉండటంతో 'కీళ్ళ ప్యాకేజీ'లో రెండూ కలిపేశారు. 36 ఏళ్ళ మనిషికి వేళ్ళు వాస్తే ఏఎస్ఓ చూసి మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది పొడిపించుకున్న వాళ్ళని నేను లెక్కపెట్టడం మానేశాను. మీ అక్కకి ఎవరైనా అలా చెప్తే ఒప్పుకోవద్దు.

ఒక ప్రశ్న అక్కని తప్పక అడగండి: వాపులకి ముందు రెండు మూడు రోజులు గట్టి జ్వరం, ఒంటిమీద దద్దుర్లు వచ్చాయా? 2006లో చికున్‌గున్యా మన ఊళ్ళని మంచాన పడేసినప్పుడు అచ్చం రుమటాయిడ్‌లాంటి చేతులు వందల్లో చూశాం. చాలామందికి నెలల్లో తగ్గిపోయింది, కొందరికి ఏళ్ళు పట్టింది. జ్వరం కథ ఉంటే ఆ పరీక్ష కూడా కలపాలి. ఏఎన్ఏ (లూపస్ లాంటి జబ్బులకి చూసే యాంటీబాడీ పరీక్ష) సంగతి డాక్టరుకి వదిలేయండి. తక్కువ మోతాదులో అది మామూలు వాళ్ళలోనూ బోలెడు మందికి ఉంటుంది, ఇంకో టెన్షన్ కొని తెచ్చుకున్నట్టే.

చేపల మాటకి జవాబు: మానక్కర్లేదు. చేపలు తగ్గించమనేది యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్ళు వాచినప్పుడు. అది మామూలుగా 5.1 ఉన్న మనిషిని నెల్లూరులో చేపల పులుసు తినొద్దనడం అన్యాయం.

డాక్టర్ని చూసేలోపు ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించొద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజులు ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, వాపూ సీఆర్పీ దిగిపోతాయి, రుమటాలజిస్టుకి చూడ్డానికి ఏమీ మిగలదు. నెల్లూరులో అపాయింట్‌మెంట్ దొరక్కపోతే చెన్నై రైలెక్కండి. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో రుమటాలజీ విభాగం ఉంది. హైదరాబాద్ వీలైతే నిమ్స్‌లో ఉంది. వాపు మొదలైన ఆరు వారాల్లో నిపుణుడు చూడాలని, మూడు నెలల్లో మందు మొదలవ్వాలని యూరప్ వాళ్ళ సూచన. మీకు ఆ గడువు ఇప్పటికే దాటుతోంది. అక్క మళ్ళీ బిడ్డ కావాలనుకుంటుంటే ఆ మాట డాక్టరుకి మొదటే చెప్పండి, మెథోట్రెక్సేట్ గర్భంతో అస్సలు పనికిరాదు. ఒకవేళ ఆ మందు రాస్తే అది వారానికి ఒక్కరోజే వేసుకునేది. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్న కేసులు నా బ్లడ్ కౌంట్ మెషిన్లో చూశాను.

మందు మొదలయ్యాక యాంటీబాడీలు నెలనెలా చేయించకండి. ఒక పెద్దమనిషి మూడేళ్ళలో పదకొండు ఆర్ఏ ఫ్యాక్టర్ రిపోర్టులు బట్టల షాపు కవర్లో వరసగా పెట్టుకొచ్చాడు, 88, 92, 79 అంటూ, షేరు మార్కెట్ చూసినట్టు. వేళ్ళు మాత్రం ఏనాడో నెమ్మదించి హాయిగా ఉన్నాయి. మందు పనిచేస్తోందా లేదా అన్నది వాచిన కీళ్ళ లెక్క, సీఆర్పీ, ఈఎస్ఆర్ చెప్తాయి. మందు భద్రత కోసం బ్లడ్ కౌంట్, లివర్ పరీక్షలు.

చివరగా ఒక చిన్న పని. రేపు పొద్దున అక్క లేవగానే, ఇంకా వేడినీళ్ళలో చేతులు పెట్టకముందే, రెండు చేతులూ బల్ల మీద పరిచి ఫోన్లో ఫోటో తీయండి. తరవాత పిడికిలి బిగించమని, ఎంతవరకు ముడుచుకుంటే అంతవరకు ఇంకో ఫోటో. అపాయింట్‌మెంట్ ఏ మధ్యాహ్నం పన్నెండుకో ఉంటుంది, అప్పటికి వాపు సగం దిగిపోయి ఉంటుంది. రిపోర్టుల కంటే ముందు డాక్టరుకి ఆ రెండు ఫోటోలు చూపించండి.